ఇంకో నోటిఫికేషన్ చూద్దామా, ఇంక చాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ శాతం ఇరవైల్లో ఉన్నవాళ్లవే. కొన్ని కాగితం మీద, మిగతావన్నీ వాట్సాప్‌లో, రెండు మూడు వాయిస్ మెసేజ్‌లు కూడా ఉన్నాయి, వాటిలో ఒకటైతే ఏడు నిమిషాలు, మధ్యమధ్యలో బస్సు హారన్లతో. పేర్లు, ఊళ్లు తీసేశాను, ఇంట్లోవాళ్లు కూడా ఈ పేజీ చదువుతారని నాకు తెలుసు. టెన్త్, ఇంటర్, ఎంసెట్, డిగ్రీ వరకు ఎవరో ఒకరు టైంటేబుల్ వేసి చేతిలో పెడతారు, నచ్చినా నచ్చకపోయినా దాని వెంట పోతాం. ఆ తర్వాత టైంటేబుల్ ఇచ్చేవాళ్లు ఉండరు, సలహాలిచ్చేవాళ్లు మాత్రం మిగుల్తారు. ఈ ఉత్తరాలన్నీ అక్కడి నుంచి వచ్చినవే.

ప్రశ్న: అక్కా, నాకు 27 ఏండ్లు. మాది నల్లగొండ జిల్లాల ఒక పల్లె. బీఎస్సీ అయినంక 2021ల గ్రూప్స్ కోసమని హైదరాబాద్‌ల కోచింగ్ సెంటర్లుండే అశోక్ నగర్ వచ్చిన, అప్పటి సంది ఇక్కడనే ఉన్న. పొద్దుగాల చిక్కడపల్లి లైబ్రరీకి పోయి సీటు పట్టుకుంట, రాత్రి వాళ్లు లేపేదాక చదువుత. గ్రూప్-1 మొదటిసారి ప్రిలిమ్స్ క్వాలిఫై అయిన, అది లీకేజీల రద్దయింది. రెండోసారి రాసింది కోర్టు కొట్టేసింది. మూడోసారి కటాఫ్ కాడ ఆగిపోయిన. గ్రూప్-2 రాసిన, లిస్టుల పేరు లేదు. నాయనకు రెండెకరాల పత్తి, నెలకు ఎనిమిది వేలు పంపేటోడు. ఇప్పుడు మా తమ్ముడు పంపుతుండు. వాడు నాకన్నా చిన్నోడు, ఐటీఐ చేసి ఫ్యాక్టరీల పని చేస్తుండు. వాడు ఫోన్‌పే కొట్టినప్పుడల్లా ఆ సౌండ్ వింటే తల ఎక్కడ పెట్టుకోవాల్నో తెలుస్తలేదు. ఐదేండ్లు వేస్ట్ చేసిన. ఊరికి పోయినా ఏం జేస్తున్నవ్ రా అని అడుగుతరని పండుగలకు పోతలేను. ఆఫీసర్ కావాలన్నది నా గోల్, దాన్ని ఇడిసిపెట్టబుద్ధి అయితలేదు. ఇంకో నోటిఫికేషన్ దాక చూడాల్నా, ఇగ చాలు అనుకోవాల్నా? గట్టిగ ఒక మాట చెప్పు అక్కా.

జవాబు: తమ్ముడూ, ముందు నీ లెక్క ఒకటి సరిచేద్దాం. ఐదేళ్లు వేస్ట్ చేశా అన్నావు కదా, అందులో నీవెన్ని, పరీక్షవెన్ని? 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకి గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది, అక్టోబర్ 16న ప్రిలిమ్స్ పెట్టారు, 2023 మార్చిలో పేపర్ లీకయిందని రద్దు చేశారు, జూన్ 11న మళ్లీ పెట్టారు, బయోమెట్రిక్ తీసుకోలేదని సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ కొట్టేసింది, 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ మొత్తం తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు, జూన్ 9న ప్రిలిమ్స్, అక్టోబర్ 21 నుంచి మెయిన్స్. గ్రూప్-2 చూస్తే 783 పోస్టులకి 2022 డిసెంబర్‌లో నోటిఫికేషన్ ఇచ్చి, వాయిదాల మీద వాయిదాలు వేసి 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో పరీక్ష పెట్టారు. ఇందులో నువ్వు చదవక పోయిన టైం ఎంత, వాళ్లు పెట్టక పోయిన టైం ఎంత అన్నది నీకే తెలుస్తుంది. నువ్వు ఓడిపోయావు అని నేను అనను, ఒకసారి క్వాలిఫై అయిన మనిషివి నువ్వు.

కానీ ఈ లెక్క నీకు ఓదార్పు కోసం చెప్పట్లేదు. ఇందులోంచే ఇంకో విషయం వస్తుంది, పరీక్ష ఎప్పుడు పెడతారో నీ చేతిలో లేదు, ఇక ముందు కూడా ఉండదు. మరి నీ చేతిలో లేని తేదీ కోసం నీ చేతిలో ఉన్న రోజులన్నీ ఆపుకుని కూర్చోవడం ఎందుకు? 2022 డిసెంబర్‌లో గ్రూప్-2కి అప్లై చేసి, ఏదో ఒక పనిలో చేరి, సాయంత్రాలు చదువుకున్న వాళ్లున్నారు, లైబ్రరీలోనే కూర్చున్న వాళ్లూ ఉన్నారు, ఇద్దరికీ పరీక్ష వచ్చింది ఒకే రోజు, అదీ రెండేళ్ల తర్వాత. ఆ రెండేళ్లలో ఒకరి దగ్గర జీతం ఉంది, ఇంకొకరి దగ్గర బుక్స్ ఉన్నాయి.

ఇంకోటి ఎవరూ చెప్పరు నీకు. సివిల్స్‌లో జనరల్ వాళ్లకి 32 ఏళ్లు, ఆరు అటెంప్టులు, ఓబీసీకి 35 ఏళ్లు, తొమ్మిది అటెంప్టులు. అయిపోతే అయిపోయినట్టే, మనసుకి ఎంత కష్టమైనా రూలే నిన్ను బయటికి పంపిస్తుంది. మన గ్రూప్-1కి 2024 నోటిఫికేషన్‌లో గరిష్ఠ వయసు 46 పెట్టారు, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి దాని మీద ఇంకో ఐదేళ్లు, అటెంప్టుల లెక్కే లేదు. నిరుద్యోగులకి మేలు చేయాలనే పెంచారు, కాదనను, కానీ దాని అర్థం ఏంటంటే ఇప్పట్లో నిన్ను ఆపే రూలు ఏదీ లేదు, ఆగాలంటే నువ్వే ఆగాలి, ఈ పరీక్ష నీకు ఇప్పట్లో ఇంక చాలు అని చెప్పదు. అశోక్ నగర్‌లో నీ రూమ్ పక్క రూమ్‌లో ముప్పై ఆరేళ్ల అన్న ఒకాయన ఉండే ఉంటాడు, ఆయన కూడా 27లో ఇంకొక్క నోటిఫికేషన్ అనే అనుకున్నాడు. ఆయన్ని చిన్నచూపు చూసి చెప్పట్లేదు, చాలామందికి ఆయనే నోట్స్ ఇచ్చి ఉంటాడు, ఒకసారి ఆయనతో కూర్చుని టీ తాగి అడుగు, నీ వయసులో ఆయనకి ఏం చేసి ఉంటే బాగుండేది అనిపిస్తుందో. నా మాటకన్నా అది గట్టిగా ఉంటుంది.

ఇక నువ్వడిగిన గట్టి మాట. గోల్ వదిలేయమని చెప్పను, ఇలాగే కూర్చోమనీ చెప్పను, నీకు ఇప్పుడు కావాల్సింది ముందు నీ సొంత డబ్బు. వచ్చే దసరాకల్లా ఇంటి నుంచి ఆ ఎనిమిది వేలు ఆగిపోవాలి. ఆఫీసర్ అవ్వాలా వద్దా అన్నది ఆ తర్వాత ఆలోచిద్దువుగానీ. తమ్ముడి డబ్బు తింటూ ఆలోచిస్తే ప్రతి ఆలోచనా సిగ్గులో నుంచే వస్తుంది, సిగ్గుతో తీసుకున్న నిర్ణయం ఎటైనా తప్పే అవుతుంది, భయపడి వదిలేస్తావు లేకపోతే పంతానికి పోయి అక్కడే ఉండిపోతావు. నీ రూమ్ రెంటు, మెస్ బిల్లు నువ్వే కట్టుకుని అదే పుస్తకం ముందు కూర్చుంటే నీకు నిజంగా ఆ ఉద్యోగం కావాలో, ఊళ్లో మాట కోసం కావాలో తేలుతుంది.

ఏం పని అంటావా. నువ్వు బీఎస్సీ చదివి, ఐదేళ్లు పాలిటీ, హిస్టరీ, ఎకానమీ పట్టుకుని కూర్చున్నవాడివి, ప్రైవేట్ స్కూల్లో సోషల్, సైన్స్ చెప్పగలవు, కానిస్టేబుల్, గ్రూప్-4 పిల్లలకి సాయంత్రం క్లాసులు చెప్పగలవు, టెస్ట్ సిరీస్‌లకి తెలుగు మీడియంలో ప్రశ్నలు తయారు చేసేవాళ్లు ఎప్పుడూ తక్కువే, కోచింగ్ సెంటర్లలో అడుగు. జీతం గొప్పగా ఉండదు, పన్నెండు వేలో పదిహేను వేలో అంటారు, మొహం చిట్లించకు. మెస్ బిల్లుకి సరిపోతే చాలు ఇప్పటికి. ఇంకో దారి కూడా ఉంది, కానీ దానికి టైం తక్కువ. బ్యాంక్ క్లర్క్ పరీక్షకి 28 ఏళ్ల వరకే, బీసీ అయితే మూడేళ్లు, ఎస్సీ ఎస్టీ అయితే ఐదేళ్లు కలుస్తాయి. గ్రామీణ బ్యాంకుల ఆఫీస్ అసిస్టెంట్‌కి కూడా 28, పరీక్ష తెలుగులో రాసుకోవచ్చు. గ్రూప్స్ సిలబస్‌కి వీటికి పెద్దగా పొత్తు లేదు, రీజనింగ్, అరిథ్‌మెటిక్ స్పీడు మొదటి నుంచి తెచ్చుకోవాలి, అది తెలిసే దిగు. ఈ పరీక్షల్లో ఒక సుఖం ఏంటంటే దాదాపు ప్రతి ఏడాదీ వస్తాయి, ముందే క్యాలెండర్ ఇస్తారు, రిజల్ట్ కూడా దాదాపు ఏడాది లోపే తేల్చేస్తారు.

గ్రూప్స్ విషయానికి, ఒక కాగితం తీసుకో. గ్రూప్-2 నాలుగు పేపర్లు, 600 మార్కులు. నీకెన్ని వచ్చాయి, నీ కేటగిరీలో చివరి పోస్టు ఎన్నింటి దగ్గర ఆగింది, ఆ రెండింటి మధ్య దూరం రాయి. గ్రూప్-1 ప్రిలిమ్స్‌కీ అలాగే. ఏ పేపర్‌లో పోయిందో చూడు, ఐదేళ్ల నుంచి అదే పేపర్‌లో పోతోందా? దూరం తగ్గుతూ వస్తుంటే ఇంకొక్క నోటిఫికేషన్, పని చేస్తూ, అది ఎప్పుడొస్తే అప్పుడు. తగ్గకపోతే నీకు రావాల్సిన జవాబు ఆ కాగితం మీదే ఉంటుంది. చాలామంది ఆన్సర్ కీ వచ్చినప్పుడు మార్కులు లెక్కేసుకుంటారు, నాలుగు అభ్యంతరాలు పెడతారు, రిజల్ట్ తర్వాత మళ్లీ మొదటి చాప్టర్ నుంచి మొదలుపెడతారు, ఎక్కడ పోయిందో చూడరు. మొదటి చాప్టర్ ఎన్నిసార్లు చదివితే మాత్రం ఏం లాభం, మార్కులు పోతున్నది పదకొండో చాప్టర్‌లో అయినప్పుడు.

తమ్ముడి సంగతి. వాడు పంపిన ప్రతి రూపాయీ ఒక నోట్‌బుక్‌లో తేదీతో సహా రాసిపెట్టు, వాడికి చూపించు కూడా. వద్దులే అన్నా అంటాడు, అయినా చూపించు. దానం అనుకుంటే తల దించుకుంటావు, అప్పు అనుకుంటే తిరిగి ఇస్తావు. పండక్కి ఊరెళ్లు. ఏం చేస్తున్నావ్ రా అంటే పిల్లలకి పాఠాలు చెప్తున్నా, పరీక్షలూ రాస్తున్నా అని చెప్పొచ్చు అప్పటికి, అది అబద్ధం కాదు కూడా.

ప్రశ్న: నాకు 20, డిగ్రీ ఫైనల్ ఇయర్. మా క్లాసులో అందరికీ వాళ్ల ప్యాషన్ ఏంటో తెలుసు మేడమ్, నాకు మాత్రం ఏదీ లేదు. ఎలా కనుక్కోవాలి?

జవాబు: అందరికీ తెలుసు అన్నది ముందు నమ్మకు, వాళ్లలో సగం మంది ఇన్‌స్టా బయోలో ఏదో రాయాలి కాబట్టి రాసుకున్నారు. నువ్వు కనుక్కోవడం ఆపేసి కొన్ని పనులు చెయ్. ఇన్‌కమ్ సర్టిఫికెట్ కోసం నాన్నని పంపకుండా మీసేవకి నువ్వే వెళ్లి, కావాల్సిన కాగితాలు కనుక్కుని, రెండుసార్లు తిప్పించుకుని తెచ్చుకో. నానమ్మని గవర్నమెంట్ హాస్పిటల్‌కి తీసుకెళ్లి ఓపీ చీటీ దగ్గర నుంచి మందుల కౌంటర్ దాకా నువ్వే తిప్పు. సెలవుల్లో తెలిసినవాళ్ల షాపులో కౌంటర్ దగ్గర నిలబడు. మన దగ్గర ఇరవై ఏళ్ల పిల్లలకి ఓటు ఉంటుంది, 1989 దాకా అది కూడా 21కే ఉండేది, కానీ బ్యాంకులో డీడీ తీయడం రాదు, అది మీ తప్పు కాదు, చదువుకో చాలు అని ఏ పనీ ముట్టుకోనివ్వలేదు ఇంట్లో. ఇలాంటి నాలుగు పనులు చేస్తే నీకు మనుషులతో మాట్లాడటం ఇష్టమో, లెక్కలు సరిచూడటం ఇష్టమో, అసలు లైన్‌లో నిలబడటమే పడదో తెలుస్తుంది. ప్యాషన్ అంత పెద్ద మాట అక్కర్లేదు ఇప్పుడే.

ప్రశ్న: అక్కా, మాది ప్రకాశం జిల్లా. నాకు 24, హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ చేస్తున్నా, చేతికి 28 వేలు వస్తాయి. హాస్టల్‌కి ఏడు వేలు పోను, పద్దెనిమిది వేలు ఇంటికి పంపిస్తా, తమ్ముడి బీటెక్ ఫీజు, ఒక చిట్టీ ఉంది అది కట్టాలి. నా జీతం పడే అకౌంట్‌కి నాన్న నంబరే ఇచ్చారు, ఏ ఖర్చు చేసినా ఆయనకి మెసేజ్ పోద్ది, నూట యాభై ఎందుకు పెట్టావ్ అని ఫోన్ వస్తది. నాకు లా చదవాలని ఉంది. మా పెద్దమ్మ స్థలం గొడవలో ఆవిడతో పాటు ఒంగోలు కోర్టుకి తిరిగేదాన్ని ఇంటర్‌లో, అప్పటి నుంచి ఉంది ఆ కోరిక. ఇంట్లో చెబితే ఇప్పుడు లా ఏంటి, సంబంధాలు చూస్తుంటే అన్నారు. అమ్మ అయితే నీకు నీ గురించే ఆలోచన, తమ్ముడి గురించి లేదు అంది. నిజంగానే నేను స్వార్థంగా ఆలోచిస్తున్నానా?

జవాబు: 28లో 18 ఇంటికి పంపే పిల్లని స్వార్థం అంటే మరి మిగతావాళ్లని ఏమనాలో నాకు తెలియట్లేదు. అమ్మ కోపంలో అని ఉంటుంది, దాన్ని పట్టుకుని రాత్రిళ్లు ఆలోచించకు.

మొదటి ఉత్తరం రాసిన తమ్ముడికి ముందు సంపాదించు, తర్వాత గోల్ అని చెప్పాను. నీ ఉత్తరం చదివాక ఆ మాట ఒక్కటే సరిపోదని అర్థమవుతోంది. నువ్వు సంపాదిస్తున్నావు, కానీ అది ఎటు పోవాలో చెప్పేది నువ్వు కాదు. నీ గోల్ లా కాలేజీ దగ్గర ఆగలేదమ్మాయ్, ఆ బ్యాంక్ మెసేజ్ దగ్గర ఆగింది. కాబట్టి మొదటి పని అదే, ఆధార్, పాన్ పట్టుకుని ఇంకో బ్యాంక్‌లో నీ నంబర్‌తో నీ అకౌంట్ తెరువు, ఆఫీసులో హెచ్.ఆర్.కి జీతం అందులో వేయమని చెప్పు. దొంగతనంగా వద్దు, నాన్నకి ముందే చెప్పి చెయ్. నాన్నా, నెలనెలా ఒకటో తారీఖున పదమూడు వేలు వస్తాయి, తమ్ముడి ఫీజుకి, మిగతాది నా చదువుకి దాచుకుంటున్నా అని. అరుస్తారు. రెండు నెలలు మొహం మాడ్చుకుంటారు. మూడో నెల ఒకటో తారీఖున కూడా డబ్బు పడ్డాక మెల్లగా అలవాటు పడతారు, మన ఇళ్లల్లో చాలావాటికి అలాగే అలవాటు పడ్డారు, ఆడపిల్ల హాస్టల్లో ఉండి నైట్ షిఫ్ట్ చేయడానికి కూడా అలాగే.

ఆ చిట్టీ ఎందుకో అడిగావా ఎప్పుడైనా? నాకు వచ్చే ఉత్తరాల్లో ఇలాంటి చిట్టీలు చాలా చూశాను, తొంభై పాళ్లు అది నీ పెళ్లికే. అంటే నీ కట్నం నువ్వే నెలనెలా కడుతున్నావన్నమాట. కట్నం తీసుకోవడమే కాదు ఇవ్వడం కూడా నేరం అని 1961 నుంచి చట్టం ఉంది, లా చదవాలనుకుంటున్న పిల్లవి, మొదటి పాఠం ఇంట్లోనే ఉంది నీకు. మెత్తగానే అడుగు, ఆ చిట్టీ పాడుకున్నప్పుడు వచ్చే డబ్బుని నా ఫీజుకి వాడదాం, పెళ్లి సంగతి తర్వాత చూద్దాం అని. ఒప్పుకుంటారని గ్యారంటీ ఏమీ ఇవ్వను, అడిగినట్టు మాత్రం ఉంటుంది.

ఇప్పుడు చదువు సంగతి. డిగ్రీ ఉంది కాబట్టి మూడేళ్ల ఎల్.ఎల్.బి., దానికి లాసెట్ అనే ఎంట్రన్స్ రాయాలి, జనరల్ అయితే డిగ్రీలో 45 శాతం మార్కులుండాలి, బీసీకి 42, ఎస్సీ ఎస్టీకి 40. వయసు పరిమితి లేదు, ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది, కంగారు అక్కర్లేదు. దూరవిద్యలో లా అని ఎవరైనా చెబితే డబ్బు కట్టకు, దాంతో లాయర్‌గా ఎన్‌రోల్ అవ్వలేవు, బార్ కౌన్సిల్ ఒప్పుకోదు. రెగ్యులర్‌గానే చదవాలి, 70 శాతం అటెండెన్స్ కావాలి. అటెండెన్స్ మేం చూసుకుంటాం, పరీక్షలకి వస్తే చాలు అనే కాలేజీలు నీకు తప్పకుండా తగుల్తాయి, చాలామంది చేరుతున్నారు కూడా, కానీ కోర్టు మెట్ల మీద ఏం జరుగుతుందో చిన్నప్పుడే చూసిన దానివి, క్లాసుకి పోకుండా వచ్చిన పట్టాతో నువ్వు ఆ మెట్లెక్కలేవు. నీ ఉద్యోగంలో షిఫ్టులు ఉంటాయి కదా, పగలు కాలేజీ, సాయంత్రం నుంచి షిఫ్ట్ కుదురుతుందేమో మీ టీమ్ లీడ్‌ని అడుగు. మూడేళ్లు నిద్ర తక్కువవుతుంది, కళ్లు మండుతాయి, ఒంట్లో బాగోని రోజు హాస్టల్లో ఎవరూ పట్టించుకోరు, అవన్నీ ఉంటాయి. చివర్లో ఆలిండియా బార్ ఎగ్జామ్ ఉంటుంది, ప్రాక్టీస్ చేయాలంటే అది పాసవ్వాలి. జూనియర్‌గా మొదటి రెండు మూడేళ్లు సీనియర్ ఇచ్చేది పెట్రోల్ ఖర్చులకే సరిపోతుంది, నువ్విప్పుడు తెచ్చుకుంటున్న 28 వేలు అక్కడ కనబడటానికి చాలా టైం పడుతుంది. అందుకే ఇప్పటి నుంచి దాచమన్నాను.

సంబంధాల విషయం. చూడొద్దు అని పోట్లాడకు, చూసిన ప్రతివాళ్లకీ మొదటి మాటల్లోనే నేను లా చదవబోతున్నా, మూడేళ్లు పడుతుంది అని నువ్వే చెప్పు, పెళ్లిచూపుల్లో టీ కప్పు ఇచ్చేటప్పుడైనా సరే. చాలామంది అక్కడే తగ్గిపోతారు, మీ పెద్దమ్మకి చెప్పు, ఆవిడ నీ వైపు మాట్లాడుతుంది అనిపిస్తోంది నాకు, కోర్టుకి నిన్ను వెంట తీసుకెళ్లింది ఆవిడే కదా.

ప్రశ్న: మేడమ్, నేను టెక్సాస్‌లో ఉంటున్నాను, వయసు 25. కంప్యూటర్స్‌లో ఎం.ఎస్. అయిపోయింది, ఓపీటీ, అంటే చదువయ్యాక ఇక్కడ పనిచేసుకోవడానికి ఇచ్చే గడువు, మొదలైంది, జాబ్ లేదు. రెండు వందల అప్లికేషన్లు పెట్టుంటా, ఇంటర్వ్యూలే రావట్లేదు. ఇంటి మీద నాన్న 40 లక్షలు లోన్ తీసుకున్నారు. రోజూ ఫోన్‌లో జాబ్ వచ్చిందా రా అని అడుగుతుంటే ప్రాసెస్‌లో ఉంది అని చెప్తున్నా. నిజం చెప్పాలంటే అమెరికా రావాలన్నది నా గోల్ కూడా కాదు, మా బ్యాచ్ అంతా వస్తుంటే వచ్చేశా. ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఆఫర్ లెటర్ ఇస్తాం, జీతం ఉండదు కానీ రికార్డులో ఎంప్లాయ్‌మెంట్ చూపిస్తాం అంటున్నారు, వెయ్యి డాలర్లు అడిగారు. తీసుకోవచ్చా? నాన్నకి ఎలా చెప్పాలి?

జవాబు: తీసుకోకు. లేని ఉద్యోగం ఉన్నట్టు చూపించడం ఫ్రాడ్, పట్టుబడితే ఆ కన్సల్టెన్సీ బోర్డు మార్చుకుంటుంది, నీ పేరు మాత్రం ఇమ్మిగ్రేషన్ రికార్డుల్లో ఉండిపోతుంది, రేపు ఏ వీసాకి వెళ్లినా అది అడ్డొస్తుంది. ఆ వెయ్యి డాలర్లు రెంటుకి వాడుకో.

మొదటి ఏడాది ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులే ఉండొచ్చు, నీకు ఎన్ని అయిపోయాయో ఈరోజే లెక్కేసుకో. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి, డి.ఎస్.ఓ. దగ్గరికి వెళ్లి కూర్చో, మెయిల్ కాదు మనిషిగా వెళ్లు. నీ సబ్జెక్ట్‌కి సంబంధించిన పని, వారానికి కనీసం 20 గంటలు, జీతం లేకుండా వాలంటీర్‌గా చేసినా ఈ మొదటి ఓపీటీలో ఆ రోజుల లెక్క ఆగుతుంది, మీ ప్రొఫెసర్ ల్యాబ్‌లోనో, ఏదైనా లాభాపేక్ష లేని సంస్థలోనో నిజమైన పని దొరుకుతుందేమో డి.ఎస్.ఓ.నే అడుగు, పని నిజంగా చేయాలి, కాగితాలు ఉండాలి. తర్వాత సైన్స్, టెక్నాలజీ చదివినవాళ్లకి ఓపీటీ పొడిగించే స్టెమ్ ఎక్స్‌టెన్షన్ 24 నెలలకి మాత్రం జీతం ఇచ్చే ఉద్యోగమే కావాలి. కాలం కూడా మంచిగా లేదు, 2025 సెప్టెంబర్‌లో హెచ్-1బి ఉద్యోగ వీసా కొత్త పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు అని ప్రకటించాక కంపెనీలు మన పిల్లల విషయంలో ముందూ వెనకా చూస్తున్నాయి, రెండు వందల అప్లికేషన్లకి జవాబు రాకపోవడం అంతా నీ చేతగానితనం అనుకోకు.

నా గోల్ కూడా కాదు అన్నావు చూడు, ఆ ముక్క నాన్నకి ఇప్పుడు చెప్పాల్సిన అవసరం లేదు, ఇల్లు తాకట్టులో ఉన్న మనిషికి అది వినిపిస్తే ఇంకేదీ వినిపించదు. కానీ నీకు నువ్వు చెప్పుకో, దాంతో ఒక పని తేలికవుతుంది, తిరిగి వచ్చేయడం అన్నది నీ కల కూలిపోవడం కాదు, ఎందుకంటే అది నీ కలే కాదు. మిగిలేది అప్పు ఒక్కటే. అప్పు తీర్చే దారులు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి, బెంగళూరులోనూ ఉన్నాయి, జీతం రూపాయల్లో వస్తుంది కాబట్టి ఏళ్లు ఎక్కువ పడతాయి, అంతే. 90 రోజుల్లో నీకు మిగిలినవి చూసుకుని ఒక తేదీ పెట్టుకో, ఆ తేదీ లోపు అక్కడ, ఆ తర్వాత ఇక్కడ వెతకడం. ఇక్కడి కంపెనీలకి ఈరోజు నుంచే రెజ్యూమే పంపడం మొదలుపెట్టు, అది ఆ తేదీ దాకా ఆగక్కర్లేదు.

నాన్నకి ఈ ఆదివారమే చెప్పు. జాబ్ రాలేదు నాన్నా, ఇన్ని రోజులు మిగిలాయి, ఇది చేస్తున్నా, రాకపోతే ఈ తేదీకి వచ్చేస్తా, వచ్చాక ఇంత కట్టగలను. మొదట ఏం మాట్లాడరు, లేకపోతే తిడతారు, ఫోన్ అమ్మకి ఇచ్చేస్తారు. ఇవ్వనీ. ప్రాసెస్‌లో ఉంది అని నువ్వు చెప్పిన ప్రతిరోజూ ఆయన ఇంకెవరికో అదే మాట చెప్పుకుని ఉంటారు, ఎంత ఆలస్యమైతే ఆయనకి అంత కష్టం. చెప్పడానికి ఇంకో కారణం ఉంది, బ్యాంకు. ఎడ్యుకేషన్ లోన్‌కి సాధారణంగా చదువు అయ్యాక ఒక ఏడాది దాకా ఈఎంఐ మొదలవ్వదు, మీది ఇంటి మీద తీసుకున్నది కాబట్టి అది ఎడ్యుకేషన్ లోనా, మామూలు తనఖా లోనా అన్నది ముందు తెలియాలి, మామూలు తనఖా అయితే ఈఎంఐ ఇప్పటికే నడుస్తూ ఉంటుంది, ఆయన నీకు చెప్పకుండా కడుతూ ఉండొచ్చు. ఎడ్యుకేషన్ లోన్ అయితే కట్టే వడ్డీకి ఎనిమిదేళ్ల వరకు ఇన్‌కమ్ ట్యాక్స్‌లో మినహాయింపు ఉంది, పాత పద్ధతిలో రిటర్న్ వేస్తే. వాయిదా ఒకటి తప్పాక బ్యాంకుకి వెళ్తే వాళ్లు మాట్లాడే తీరు వేరు, తప్పకముందే వెళ్లి గడువు పెంచండి, ఈఎంఐ తగ్గించండి అని అడిగితే వేరు. సోమవారమే నాన్నని బ్యాంకుకి వెళ్లమను, శాంక్షన్ లెటర్ పట్టుకెళ్లమను, ఏ రకం లోనో, ఈఎంఐ ఎప్పటి నుంచో అందులోనే రాసి ఉంటుంది.